గది తర్వాత, ముందు పెద్దవాళ్లు

చిరంజీవి మనవరాలికి, తాతయ్య ఆశీస్సులు.

ఉక్కు కర్మాగారం కోసం ఖాళీ చేసిన మన ఊరి చరిత్రను భద్రపరచడానికి మీరంతా కలిసి గాజువాకలో గది చూస్తున్నారని మీ నాన్న చెప్పాడు. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. కానీ తల్లీ, గది ఆరు నెలలు ఆగినా ఫరవాలేదు. మా పెద్దక్కకు తొంభై దాటాయి. ముందు ఆవిడ దగ్గరికి వెళ్లు.

ఏ సంవత్సరంలో జరిగిందని పెద్దవాళ్లను అడగకు, చెప్పలేక చిన్నబుచ్చుకుంటారు. విశాఖ మీద బాంబులు పడ్డప్పటికి మీ అక్క పెళ్లయిందా అని అడుగు. అది 1942 ఏప్రిల్ 6. ఉక్కు ఉద్యమంలో కాల్పులు జరిగిననాటికి పెద్దవాడు బడికి వెళ్తున్నాడా అని అడుగు. అది 1966 నవంబరు 1. ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసింది 1971 జనవరి 20న. మిగతా జ్ఞాపకాలు వీటికి అటూ ఇటూ వాటంతటవే సర్దుకుంటాయి. చెరువు, రచ్చబండ, ఏ పొలాన్ని ఏ పేరుతో పిలిచేవారో వాళ్ల చేతే కాగితం మీద గీయించు. రికార్డుల్లో సర్వే నంబర్లు దొరుకుతాయి కానీ, మనం పిలుచుకున్న పేర్లు దొరకవు.

భూమి ఉన్నవాళ్ల ఇళ్లతో ఆపేయకు. కూలికి వెళ్లి బతికిన కుటుంబాల దగ్గర చూపించడానికి కాగితం ఉండదు. వాళ్ల మాటే వాళ్ల దస్తావేజు. రికార్డు చేసేముందు ఫ్యాను ఆపు, ఎవరెవరు వినవచ్చో అడిగి రాసుకో.

ఎవరి కాగితాన్నీ ఇల్లు దాటించకు. భూసేకరణ నోటీసు, నిర్వాసితులకు ఇచ్చిన ఆర్ కార్డు వాళ్లకు ప్రాణంతో సమానం. అరుగు మీదే పగటి వెలుతురులో రెండు వైపులా ఫొటో తీసి, వాళ్ల కళ్లముందే చేతికి ఇచ్చేయి. ఎవరైనా లామినేషన్ చేయిస్తామంటే ఆపు, తర్వాత విప్పబోతే కాగితమే చిరుగుతుంది. ఫొటోల వెనక పేర్లు మెత్తటి పెన్సిల్‌తోనే రాయి.

2014లో హుద్‌హుద్ తుఫానుకు మా పెళ్లి ఫొటో తడిసి ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. నేను ఆత్రంగా ఊడదీశాను. మీ నాన్నమ్మ ముఖం సగం అద్దం మీదే ఉండిపోయింది. అలాంటిది కనిపిస్తే ముట్టుకోకుండా, అద్దంతో సహా ఫొటో తీయి. తీసినవన్నీ ఒక్క కంప్యూటర్‌లోనే ఉంచకు, మరో రెండు ఇళ్లలో కూడా ఉండాలి.

ఆదివారం అక్క దగ్గరికి నేనూ వస్తాను. ఆవిడకు ఎడమ చెవి వినిపించదు, కుడి పక్కన కూర్చో.

మీ తాతయ్య