ప్లగ్ పీకేశాక టీవీ సప్లై బోర్డు ముట్టుకోవచ్చా?

కళింగపట్నంలో ఉరుముల వాన తర్వాత టీవీ చచ్చిపోయింది, ప్లగ్ పీకి సప్లై బోర్డు (టీవీకి కరెంటు అందించే బోర్డు) చూడొచ్చా అని అడిగారు.

వెంటనే చేయి పెట్టకండి. మన 230 వోల్టుల ఏసీ డయోడ్లు దాటాక సుమారు 325 వోల్టుల డీసీ అవుతుంది. ప్లగ్ తీసినా అది పెద్ద కెపాసిటర్‌లో (ఛార్జ్ దాచుకునే భాగం) నిలిచే ఉంటుంది. బోర్డు పనిచేయకపోతే దాన్ని ఖర్చు చేసేదేమీ ఉండదు కాబట్టి ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. ముందు మల్టీమీటర్‌ను 600 వోల్టుల డీసీలో పెట్టి ఆ కెపాసిటర్ కాళ్ల మధ్య కొలవండి. ఛార్జ్ ఉంటే స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయొద్దు, కళ్లలోకి నిప్పురవ్వలు ఎగురుతాయి. 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ క్లిప్పులతో కొన్ని సెకన్లు పట్టించి మళ్లీ కొలవండి.

ఫ్యూజు గాజు నల్లగా మాడితే బోర్డులో దాదాపు షార్ట్ సర్క్యూటే. కొత్తది వేసినా నేరుగా కరెంటివ్వకుండా 60 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో (బోర్డుకెళ్లే కరెంటు బల్బు గుండా వెళ్లేలా) పెట్టండి. అది తగ్గకుండా వెలుగుతుంటే షార్ట్ ఇంకా ఉంది. సముద్రం పక్క ఊరు కదా, టంకాల దగ్గర పచ్చటి చిలుము కూడా చూడండి.