ఉచితంగా ఇచ్చే రాణికి నెలకు ఎంతవుతుంది?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఉప్పల్‌లో రెండో అంతస్తులో ఒక్కదాన్నే అద్దెకు ఉంటున్నాను. జీతం చేతికి రూ.46,000 వస్తుంది. అద్దె 13,000, ఇంటికి పంపేది 8,000, స్కూటర్ వాయిదా 4,200 (ఇంకా ఏడు నెలలుంది), మ్యూచువల్ ఫండ్ సిప్ 5,000, మిగతా ఖర్చులు 10,500. బ్యాంకులో 60,000 ఉన్నాయి. ఆదివారాలు ఒక జంతు సంరక్షణ కేంద్రానికి సాయానికి వెళతాను. ప్రమాదంలో వెనుక కాలు పోయిన ఐదేళ్ల వీధికుక్క రాణిని అక్కడ ఉచితంగానే ఇస్తామంటున్నారు. టెక్కలిలో ఉన్న అమ్మ మాత్రం ‘నీ తిండికే లెక్క చూసుకుంటావు, దానికేం పెడతావు?’ అంటోంది. తెచ్చుకోవచ్చా?

జవాబు: అమ్మగారి ప్రశ్నలో న్యాయం ఉంది కానీ, రాణి తిండి మీకు భారం కాదు. నాకు అనుమానమంతా మీ అద్దె ఇంటి మీద, ఒక్కసారిగా వచ్చిపడే వైద్యం బిల్లు మీద.

ముందు నెల లెక్క చూద్దాం. అన్నం, కోడిమాంసం, గుడ్లు, అప్పుడప్పుడు పెరుగు కలిపి రూ.2,200 వేసుకోండి. పిడుదుల మందు, నులిపురుగుల మాత్రలు సగటున 700. ఏడాదికోసారి రేబిస్ టీకా, మిగతా టీకాలు, పరీక్ష కలిపి 3,000 అనుకుంటే నెలకు 250 పడుతుంది. మీరు రాయని ఖర్చు ఇంకొకటి ఉంది. సంక్రాంతికీ దసరాకూ టెక్కలి వెళితే రాణి ఎక్కడ ఉంటుంది? రైల్లో వెంట తీసుకెళ్లాలంటే ఏసీ ఫస్ట్ క్లాస్‌లో కూపే మొత్తం తీసుకోవాలి, లేదా గార్డు దగ్గరి పెట్టెలో పంపాలి. రాత్రంతా ఆ పెట్టెలో మూడు కాళ్ల కుక్కను నేనైతే పంపను. కాబట్టి బోర్డింగే దిక్కు. రోజుకు 600 చొప్పున ఏడాదికి 16 రోజులకు 9,600, అంటే నెలకు 800. అన్నీ కలిపితే 3,950. నాలుగు వేలే అనుకుందాం. మీకు నెలాఖరుకు మిగిలేది 5,300. సరిపోతుంది, కానీ బొటాబొటిగా.

రాణికి ఐదేళ్లు రావడం మీకు కలిసొచ్చే విషయం. కుక్కపిల్లను తెచ్చుకుంటే టీకాల వరుస, పార్వో వైరస్ జబ్బు భయం, ఆపరేషన్, నమిలేసిన చెప్పులు, పైగా పన్నెండేళ్లకు పైగా బాధ్యత. రాణితో మరో ఎనిమిదేళ్లు గడిచాయనుకుని, ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయని వేస్తే మొత్తం సుమారు 4.75 లక్షలు అవుతుంది. ఈ అంకెను అమ్మగారికి చెప్పాలో వద్దో మీ ఇష్టం.

ఇక వైద్యం. కిందటి వర్షాకాలంలో మా ఇంటి కుక్కకు పిడుదుల జ్వరం వచ్చింది. బిల్లులన్నీ దాచాను, వృత్తి అలవాటు. మొత్తం రూ.6,300 అయింది. 28 రోజుల డాక్సీసైక్లిన్ మాత్రలకు అందులో ఐదు వందలు కూడా లేవు. రెండుసార్లు రక్తపరీక్ష, మూడు రోజుల సెలైన్‌కు చాలా పోయింది, ప్రయాణాలకు 1,900. ఆటో ఆపడం, వెనక సీటు చూపించగానే డ్రైవరు తల అడ్డంగా ఊపి వెళ్లిపోవడం, చివరికి రెట్టింపు ఇచ్చి కారు మాట్లాడుకోవడం. మీ స్కూటర్ మీద జ్వరంతో ఉన్న రాణి నిలబడలేదు కాబట్టి ఈ ఖర్చు మీకూ తప్పదు. నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలనూ, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రినీ ముందే ఒకసారి చూసి రండి. పెద్ద చికిత్సలకు అక్కడ భారం బాగా తగ్గుతుంది.

బీమా గురించి అడగలేదు, అడుగుతారు. పోయిన కాలికి సంబంధించిన సమస్యలనూ, మామూలు టీకాలనూ సాధారణంగా పాలసీలు కలుపుకోవు. కుక్క ఎవరినైనా కరిస్తే నష్టపరిహారానికి రక్షణ ఇచ్చే భాగం ఉంటే అది మాత్రం ఆలోచించదగ్గది. మిగతాదానికి ప్రీమియం సొమ్మును రికరింగ్ డిపాజిట్‌లో వేయడమే మీకు మేలు.

అసలు చిక్కు ఇంటిది. పెంపుడు జంతువులను అపార్ట్‌మెంట్ సంఘాలు నిషేధించకూడదని జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు చెబుతాయి. కానీ మీ యజమాని పదకొండు నెలల ఒప్పందాన్ని పొడిగించనంటే ఆ కాగితం మీకు ఇల్లు వెతికిపెట్టదు. ఇల్లు మారితే పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోత, సామాను బండి, కొత్త ఇంటికి అడ్వాన్సు, వెరసి మీ 60,000లో సగానికి పైగా ఒక్క వారంలో కదులుతుంది. అందుకే యజమానిని ఇప్పుడే అడిగి, కుక్క ఉంటుందన్న వాక్యాన్ని ఒప్పందంలో రాయించుకోండి. నోటిమాట చాలదు. లిఫ్టు లేకపోతే రోజుకు నాలుగుసార్లు రెండంతస్తుల మెట్లు మూడు కాళ్లతో ఎక్కిదిగడం కష్టం. అదే నిజమైతే కింది అంతస్తు ఇల్లు చూసుకున్నాకే రాణిని తీసుకురండి. నున్నటి టైల్స్ మీద రబ్బరు పట్టాలు పరవాలి, అది చిన్న ఖర్చే.

నా సలహా: తెచ్చుకోండి, కానీ ఈ నెల కాదు. జీతం పడిన రోజే రాణి ఇంట్లో ఉన్నట్టే నాలుగు వేలు విడి ఖాతాలో వేయండి. మూడు నెలలు చేయి పెట్టకుండా ఉండగలిగితే మీ బడ్జెట్ దాన్ని మోస్తుందని తెలిసినట్టే, పైగా 12,000 రాణి వైద్యనిధిగా చేతిలో ఉంటుంది. ఈలోగా ఆదివారాలు మామూలుగానే వెళ్లి కలవండి. సిప్ ఆపవద్దు. ఉన్న 60,000 మీదే, రాణిది కాదు. మీకు తప్పని ఖర్చులు నెలకు 35,700, కాబట్టి మూడు నెలల నిల్వకే 1,07,100 కావాలి. స్కూటర్ అప్పు తీరాక ఆ 4,200ను అటు మళ్లిస్తే మరో ఏడాదిలో ఆ లోటు పూడుతుంది.

తెచ్చుకునే రోజు టీకా పుస్తకం, కాలు ఆపరేషన్ కాగితాలు, గర్భనిరోధక శస్త్రచికిత్స జరిగినట్టు పత్రం అడిగి తీసుకోండి. రేబిస్ టీకా పత్రం లేకుండా కార్పొరేషన్‌లో కుక్క నమోదూ కుదరదు, బోర్డింగ్ వాళ్లూ చేర్చుకోరు. సంక్రాంతి బోర్డింగ్ మాత్రం నవంబరులోనే మాట్లాడుకోండి.