కారం రుచా, మంటా?

ప్రశ్న: మా ఇల్లు గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర. టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపుతుంటే, నోట్లో ఏమీ పెట్టుకోకపోయినా కళ్లూ ముక్కూ మండుతాయి. కారం నాలుకకు తెలిసే రుచి కదా, కంటికెలా తెలుస్తోంది?

జవాబు: మన పెద్దలు కారాన్ని షడ్రుచుల్లో చేర్చారు గానీ, శరీరశాస్త్రం లెక్కలో అది రుచి కాదు, ఒక రకం నొప్పి. తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (మాంసం, పుట్టగొడుగుల్లాంటి వాటిలో తెలిసే కమ్మదనం) అనే అయిదింటిని రుచిమొగ్గలు గుర్తిస్తాయి. మిరపలో మంట పుట్టించే పదార్థమైన క్యాప్సైసిన్ వాటి జోలికి పోకుండా, సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి స్పందించే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని (నాడి కొసల్లో ఉండి వేడిని పసిగట్టే ప్రోటీన్‌ను) తెరుస్తుంది. దాంతో, నిజంగా ఏదీ కాలకపోయినా, ముఖంలోని స్పర్శను, నొప్పిని మోసే ట్రైజెమినల్ నాడి ‘కాలుతోంది’ అని మెదడుకు కబురు పంపుతుంది. ఈ నాడి కొసలు నాలుకతో పాటు ముక్కు లోపలి పొరలోనూ, మరీ దట్టంగా కంటి ముందుండే పారదర్శక పొర కార్నియాలోనూ ఉన్నాయి కాబట్టే, టిక్కీ నేలకు తగిలి ఎర్రటి దుమ్ము లేవగానే మీకు కన్నీళ్లూ తుమ్ములూ వస్తున్నాయి. 1997లో ఈ గ్రాహకం గుట్టు విప్పిన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ 2021 నోబెల్ బహుమతిని మరొకరితో పంచుకున్నారు.

నోరు మండితే నీళ్లు తాగడం దండగ, క్యాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు. మజ్జిగలోని కేసీన్ అనే పాల ప్రోటీన్ దాన్ని పట్టి లాగేస్తుంది. కంటికి మాత్రం మంచినీళ్లే ధారగా పోయాలి, రుద్దకూడదు.