వంకలు పెట్టే ముసలి పిల్లికి ఆకలి మందు వేయవచ్చా?

మీ పిల్లికి పదమూడేళ్లని, నాలుగు రోజులుగా గిన్నె వాసన చూసి వెళ్ళిపోతోందని, పిల్లలకు పట్టే ఆకలి సిరప్ నిన్న అర చెంచా పట్టి చూశామని రాశారు. ఇంకో చెంచా పట్టకండి. వీలైతే ఇవాళే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళండి. మిగతాది దారిలో చదువుకోవచ్చు.

తొందరపెట్టడానికి కారణం ఉంది. కుక్క రెండు రోజులు పస్తున్నా తట్టుకుంటుంది, పిల్లి తట్టుకోలేదు. అందులోనూ కాస్త ఒళ్లున్న పిల్లి రెండు మూడు రోజులు సరిగ్గా తినకపోతే ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయానికి చేరి అక్కడే పేరుకుపోతుంది. కాలేయం పాడైతే ఉన్న కాస్త ఆకలీ చస్తుంది. చిగుళ్ళు, చెవుల లోపలి చర్మం పచ్చబడితే ఒక్క పూట కూడా ఆగకూడదు.

కాకినాడలో మా ఇంటిని ఏలిన పిల్లి పేరు తాసీల్దారు. గదులన్నీ తనిఖీ చేస్తున్నట్టు నడిచేవాడని మా నాన్నగారు పెట్టిన పేరు. తిండి దగ్గర మొదటినుంచీ దర్జాయే. నిన్నటి చేప ఇవాళ ముట్టడు, కానాగంత అయితే తోక వైపు ముక్కే కావాలి. అందుకే పద్నాలుగో ఏట గిన్నె దగ్గర మూతి తిప్పుకోవడం మొదలుపెట్టినా మేము పట్టించుకోలేదు. వయసుతోపాటు వంకలూ పెరిగాయనుకుని రోజుకో రకం తిండి కొన్నాం. మూడు వారాలయ్యాక ఒకరోజు వీపు నిమురుతుంటే వెన్నుపూసలు ఒక్కొక్కటే వేళ్ళకు తగిలాయి. కిరాణా కొట్టు కాటా మీద కూర్చోబెడితే 3.4 కిలోలు. అంతకు ముందు ఏడాది టీకా వేయించినప్పుడు 4.3.

ఇప్పటికీ సిగ్గనిపించే సంగతి ఒకటి చెబుతాను. వాడు తిండి వద్దనలేదు. గిన్నె చప్పుడు కాగానే పరుగెత్తుకొచ్చేవాడు. ముక్కు దగ్గర పెట్టి, రెండు మూడుసార్లు పెదవులు నాక్కుని, ఒక గుటక మింగి, గిన్నె పక్కన నేలను ముందుకాలితో గీరి, వెనక్కి తిరిగేవాడు. నోరూరుతున్నా బింకం పోతున్నాడని మేము నవ్వుకునేవాళ్ళం. ఫోనులో తీసిన ఆ వీడియో చూసి డాక్టరుగారు, "ఇది పొగరు కాదండీ, వికారం" అన్నారు. కడుపులో తిప్పుతున్న పిల్లి అలాగే చేస్తుందట. రక్తపరీక్షలో క్రియాటినిన్ (మూత్రపిండాలు బయటికి పంపాల్సిన వ్యర్థం) 3.2 వచ్చింది, ఉండాల్సినదానికంటే ఎక్కువ, అంటే మూత్రపిండాల జబ్బు.

ఆకలి మందు గురించి నేను నేర్చుకున్నదంతా అక్కడే ఉంది. తినాలని ఉండీ తినలేని పిల్లి వేరు, అసలు ఆకలే లేని పిల్లి వేరు. పంటి నొప్పి ఉన్నా, వికారం ఉన్నా, క్లోమం వాచినా బయటికి కనిపించేది ఒక్కటే, గిన్నె నిండుగా ఉండిపోవడం. కారణం తెలియకుండా ఆకలి మాత్రం పెంచితే నొప్పి ఉన్న నోటితోనే తినమని బలవంతపెట్టినట్టవుతుంది.

మావాడికి ముందు వాంతులు తగ్గించే మారోపిటెంట్ ఇచ్చారు, చర్మం కింద సెలైన్ ఎక్కించారు. మూడో రోజుకు సగం తిండి తిన్నాడు. మిగతా సగం కోసం అప్పుడు మిర్టాజపిన్ రాశారు. అది మనుషులకు మానసిక కుంగుబాటుకు ఇచ్చే మాత్రే. పిల్లుల్లో ఆకలి పెంచుతుంది, వాంతులూ తగ్గిస్తుంది. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే మందు ఒంట్లోంచి త్వరగా పోదు కాబట్టి రోజు విడిచి రోజు వేయమన్నారు.

15 మిల్లీగ్రాముల మాత్రను ఎనిమిది ముక్కలు చేయాలి. బ్లేడు పెడితే మూడు ముక్కలు, బోలెడు పొడి వచ్చాయి. రెండోసారి నా చేతికి వచ్చిన ముక్క కాస్త పెద్దదేమో, ఆ రాత్రి తాసీల్దారు నిద్రపోలేదు, మమ్మల్ని పోనివ్వలేదు. హాల్లో గుండ్రంగా తిరుగుతూ తెల్లవారేదాకా అరిచాడు. కింది వాటా వాళ్ళు పైకొచ్చి అడిగారు. డాక్టరుగారికి ఫోను చేస్తే 7.5 మిల్లీగ్రాముల మాత్ర తెచ్చి నాలుగు ముక్కలు చేయమన్నారు, రాత్రి కాకుండా పొద్దున్న వేయమన్నారు. లెక్క అదే, కానీ ముక్కలు సమానంగా వస్తాయి. (ఈ కొలతలు మావాడి బరువుకి, వాడి జబ్బుకి రాసినవి, మీరు వాడేయకండి.) ఆ తరువాత మందు వేసిన రోజు పది గంటలకల్లా వంటింట్లో స్టీలు పళ్ళెం నేల మీద జరుగుతున్న చప్పుడు వినిపించేది. నాకుతూ నాకుతూ దాన్ని గోడదాకా తోసుకుపోయేవాడు. అలా ఏడాదిన్నర బతికాడు.

అమెరికాలో ఉండే మా అక్క కూతురు తన పిల్లికి ఇదే మందును లేపనంగా వాడింది. పిల్లుల బరువు తగ్గకుండా వాడేందుకు అక్కడ 2018లో అనుమతి వచ్చింది. చేతికి తొడుగు వేసుకుని చెవి లోపలివైపు రాయాలి, రోజుకో చెవి చొప్పున. మాత్ర మింగించే యుద్ధం ఉండదు గానీ చెవి ఎర్రబడుతుందట. కాప్రోమోరెలిన్ అనే నోటి మందు కూడా అక్కడ 2020లో వచ్చింది, మూత్రపిండాల జబ్బుతో బక్కచిక్కే పిల్లుల కోసమే.

ఇక మీ సిరప్. మన ఇళ్ళలో పిల్లలకు పట్టే ఆకలి సిరప్‌లలో చాలావాటిలో ఉండేది సైప్రోహెప్టడిన్. అది పిల్లులకూ వాడతారు, విషం కాదు. అయితే సీసాలో అదొక్కటే ఉండదు, రంగు, తీపి, ఒక్కోసారి ఇంకో మందు కూడా కలిసి ఉంటాయి. పిల్లికి తీపి రుచే తెలియదు, ఆ జిగురు దానికి హింస.

తిండి సంగతి. పిల్లి తినే తిండినే గోరువెచ్చగా చేసి పెట్టండి. ముసలి పిల్లికి వాసన తగలడమే సగం భోజనం. కోడి ఉడికించిన నీళ్ళు పోయవచ్చు, కానీ ఉల్లి, వెల్లుల్లి పడకూడదు. అల్లం వెల్లుల్లి ముద్ద వేసిన కూరలోంచి ముక్క కడిగి పెట్టడం మనకు అలవాటు, అది మానండి. ఎండు మెత్తళ్ళు ఎంత ఇష్టమైనా వాటి ఉప్పు చేటు, మూత్రపిండాల సంగతి తేలేదాకా పెట్టకండి. మందును తిండిలో కలపవద్దు, చేదు తగిలితే ఆ తిండినే అనుమానిస్తుంది. మాత్ర వేశాక సిరంజితో కొద్దిగా నీళ్ళు పట్టండి, గొంతులో అంటుకోకుండా. వికారం తగ్గకముందే నోరు తెరిచి కుక్కకండి. నేను రెండు రోజులు ఆ పని చేస్తే, తరువాత ఆ పళ్ళెం కనబడితేనే మంచం కిందికి దూరేవాడు. పళ్ళెం మార్చాల్సి వచ్చింది.

వెళ్ళేటప్పుడు గిన్నె దగ్గర దాని వాలకం వీడియో తీసుకుని వెళ్ళండి, ఆసుపత్రి బల్ల మీద ఏ పిల్లీ తిని చూపించదు. సిరప్ సీసా కూడా సంచిలో వేసుకోండి. ఎంత పట్టారో, ఏ వేళకు పట్టారో దాచకుండా చెప్పండి. మిర్టాజపిన్ ఎక్కువైతే దాని ప్రభావం తగ్గించడానికి ఇచ్చే మందు సైప్రోహెప్టడినే. అర చెంచా సంగతి తెలియకుండా ఆ మాత్ర రాస్తే ఒకటి చేసిన పనిని ఇంకోటి చెరిపేస్తుంది, డాక్టరు మాత్రం మందు పనిచేయలేదనుకుంటారు.