విశ్వవిద్యాలయ ప్రత్యేక సేకరణలను తయారు చేసేది దాతలా, సిబ్బందా?

విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లోని ప్రత్యేక సేకరణలు, అంటే విడిగా భద్రపరిచే అరుదైన పుస్తకాలు, రాతప్రతులు, వ్యక్తుల కాగితాలు, ఎలా రూపొందుతాయని, దాత పెట్టెలు అప్పగించాక సిబ్బందికి మిగిలే పని వాటిని భద్రపరచడమేనా అని మీరు అడిగారు. పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు అటువంటి విభాగంలో కొంతకాలం సహాయకుడిగా పనిచేశాను. అక్కడ చూసినదాన్ని బట్టి చెప్పాలంటే, దాత ఇచ్చేది కాగితాలను. వాటిని సేకరణగా మలిచేది చాలావరకు వాటికి వరుస, వివరణ ఏర్పరచినవారే.

ఒక అధ్యాపకుడి ఉత్తరాల పెట్టెలకు జాబితా రాయడం నాకు అప్పగించిన పని. తుప్పు పట్టిన క్లిప్పులు తీయడం, కాగితాలను ఆమ్లరహిత ఫోల్డర్లలోకి మార్చడం తొందరగానే అలవాటైంది. కష్టమల్లా ఉన్న వరుసను కదిలించకుండా ఉండటమే. ఎవరికైనా తేదీల ప్రకారం సర్దాలనే అనిపిస్తుంది. కానీ సొంతదారు ఏ ఉత్తరాన్ని దేని పక్కన ఉంచుకున్నారన్నది కూడా సాక్ష్యమేనని, ఒకసారి చెదిరితే అది తిరిగి దొరకదని అక్కడి ఆర్కైవిస్టు (ఇలాంటి కాగితాలను సర్ది, వివరించి, భద్రపరిచే ఉద్యోగి) మొదటిరోజే చెప్పారు. ఒక ఉత్తరం, దానికి రాసుకున్న జవాబు చిత్తుప్రతి, ఆ వివాదం గురించిన పత్రికా కత్తిరింపు ఒకే కవరులో కనిపించినప్పుడు ఆ మాట విలువ తెలిసింది.

ఈ పని ప్రభావం ఎంతటిదో వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయం చరిత్ర చూపుతుంది. నల్లజాతి చరిత్రకు సంబంధించిన తన సొంత గ్రంథాలయాన్ని జెస్సీ మూర్‌లాండ్ 1914లో ఆ విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. 1930లో ఆ సేకరణ బాధ్యత గ్రంథపాలకురాలు డొరతీ పోర్టర్ చేతికి వచ్చింది. అప్పట్లో డ్యూయీ వర్గీకరణను, అంటే ఒక్కో విషయానికి ఒక్కో అంకె ఇచ్చి పుస్తకాలను అమర్చే పద్ధతిని, పాటించే గ్రంథాలయాలు నల్లజాతివారి పుస్తకాలను వలసలకు కేటాయించిన 325 కిందనో, బానిసత్వానికి కేటాయించిన 326 కిందనో చేర్చేవి. కవి రాసిన కవిత్వమైనా సరే, రచయిత నల్లజాతివాడైతే బానిసత్వం అలమరలోకి పోవలసిందేనన్నమాట! పోర్టర్ ఆ పద్ధతిని తోసిపుచ్చి, పుస్తకాలను ప్రక్రియను బట్టి, రచయితను బట్టి అమర్చారు. కొనుగోళ్లకు డబ్బు అంతంతమాత్రమే కావడంతో ప్రచురణకర్తలను అడిగి మరీ పుస్తకాలు తెప్పించారు. 1946లో న్యాయవాది ఆర్థర్ స్పింగార్న్ పోగుచేసిన నల్లజాతి రచయితల పుస్తకాల సేకరణ కూడా అక్కడికి చేరింది. 1973లో ఆమె పదవీ విరమణ చేశారు. ఆ కేంద్రం నేడు మూర్‌లాండ్, స్పింగార్న్‌ల పేర్లనే మోస్తున్నది. నాలుగు దశాబ్దాలకు పైగా దాన్ని పెంచిన మనిషి పేరు అందులో లేదు. ఇది నాకు న్యాయంగా తోచదు.

కాగితాలు చేరడం వేరు, వాటిపై పని జరగడం వేరు అనడానికి మరో ఉదాహరణ ఉంది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి పండితుడు సోలమన్ షెక్టర్ కైరోలోని ప్రాచీన యూదు ప్రార్థనాలయం నుండి తెచ్చిన రాతప్రతుల తునకలు 1,90,000కు పైగా ఉన్నాయి. అవి 1898లోనే గ్రంథాలయానికి చెందినా, వాటికోసం ప్రత్యేక పరిశోధన విభాగం ఏర్పడింది 1974లో.

అందువల్ల మీరు ఏ సేకరణనైనా వాడుకోదలిస్తే, పెట్టెల జాబితాకు ముందుండే పరిచయాన్ని వదలకండి. కాగితాలు ఎవరి చేతుల మీదుగా వచ్చాయో, సిబ్బంది వేటిని విడదీశారో, దాత షరతుల వల్ల ఏవి ఇంకా తెరవలేదో సాధారణంగా అక్కడే రాసి ఉంటుంది. ఆ తరువాత ఆర్కైవిస్టుకు మీ పరిశోధనాంశాన్ని వివరంగా రాసి, జాబితాకు ఇంకా ఎక్కని పెట్టెలు ఉన్నాయేమో అడగండి. కేటలాగులో కనిపించనిదాన్ని గురించి చెప్పగలిగేది వారొక్కరే.