తగినంత అంటే ఎంత?

అమ్మాయ్,

నీ గుమ్మడికాయ లేయర్ కేకు వ్యాసం రెండుసార్లు చదివాను. గుజ్జును పొయ్యి మీద దగ్గర చేసేటప్పుడు "గరిటెతో గీత గీస్తే ఆ గీత వెంటనే పూడకూడదు" అని రాశావు. ఆ వాక్యం మంచిది, దాన్ని ఎవరు కొట్టెయ్యమన్నా కొట్టెయ్యకు.

కానీ సామాన్ల పట్టికలో "గుమ్మడికాయ గుజ్జు తగినంత" అన్నావు. చివర్లో "కేకు మధ్యలో కుంగితే కంగారు పడకండి, క్రీమ్‌తో కప్పేస్తే సరి" అన్నావు. ఈ ఉత్తరం రాయడానికి ఆ రెండు వాక్యాలే కారణం. మొదటిదాంట్లో కొలత ఎగ్గొట్టావు కాబట్టే రెండోదాంట్లో తప్పును కప్పమని చెప్పాల్సి వచ్చింది.

"తగినంత" అనేది వంట వచ్చినవాళ్లు వంట వచ్చినవాళ్లకు చెప్పుకునే మాట. పొయ్యి మీది వంటలో అది చెల్లుతుంది. రుచి చూసి ఉప్పు వేస్తాం, పలచనైతే మరిగిస్తాం. కేకు పిండిని ఓవెన్‌లో పెట్టి తలుపు మూశాక దిద్దుకోవడానికి ఇంకేం మిగలదు. దిద్దడమంతా అంతకు ముందే, తక్కెడ మీదే జరగాలి. కాబట్టి కేకు గురించి రాసేవాళ్లు ఆ మాట వాడకూడదు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

గుమ్మడికాయలో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. కాయ కాయకీ ఆ నీరు మారుతుంది, ఉడికించే పద్ధతిని బట్టీ మారుతుంది. నువ్వు ముక్కలు నీళ్లలో ఉడికించమన్నావు, అంటే ఉన్న నీరు చాలదని ఇంకాస్త పట్టించావు. అలా కాకుండా కాయను సగానికి కోసి, గింజలు తీసి, కోసిన వైపు ట్రేకి ఆనేలా బోర్లించి 200 డిగ్రీల దగ్గర 45 నిమిషాల నుంచి గంట దాకా కాల్చమను. కత్తి మొన అడ్డు లేకుండా దిగితే అయినట్టు. గుజ్జు తీసి మెత్తగా రుబ్బి 500 గ్రాములు తూచాలి. వెడల్పాటి మూకుడులో మధ్యస్థమైన మంట మీద కలుపుతూ అది 380 గ్రాములకు దిగేదాకా ఉంచాలి. పోయిన 120 గ్రాములూ నీరే. నీ గీత గుర్తు సరిగ్గా ఇక్కడ రావాలి. పక్కనే ఈ అంకె కూడా ఉంటే, మొదటిసారి చేసేవాళ్లు గీతను చూసి అనుమానపడరు. గుజ్జు పూర్తిగా చల్లారాకే పిండిలో కలపాలి.

ఇక కుంగడం గురించి. దానికి కారణం ఒక్కటే కాదు, కేకును కోసి చూస్తే ఏ కారణమో తెలుస్తుంది. అడుగున తడిగా, జిగురుగా, గట్టి పట్టీలా ఉంటే గుజ్జులో నీరు ఎక్కువైనట్టు. గబగబా పొంగి పడిపోయి, లోపల పెద్ద పెద్ద రంధ్రాలుంటే బేకింగ్ పౌడర్ ఎక్కువైనట్టు. అంచులు బాగుండి నడుమ మాత్రం పచ్చిగా ఉంటే తొందరపడి తీసినట్టు, లేదా తలుపు ముందే తెరిచినట్టు. మొదటి 20 నిమిషాలు తలుపు తెరవొద్దని రాయి. నీ వ్యాసంలో ఉండాల్సింది ఈ పేరా. దాని చోట "కప్పేస్తే సరి" అని ఉంది.

మైదా "రెండు కప్పులు" అన్నావు. డబ్బాలో కప్పు ముంచి తీస్తే 150 గ్రాముల దాకా వస్తుంది, చెంచాతో నింపి పైన చదును చేస్తే 125 వస్తుంది. రెండు కప్పులకే 50 గ్రాముల తేడా. 20 సెంటీమీటర్ల గిన్నెలు మూడింటికి ఇలా రాయి: మైదా 280 గ్రాములు, బేకింగ్ పౌడర్ 2 టీస్పూన్లు, వంటసోడా అర టీస్పూను, ఉప్పు ముప్పావు టీస్పూను, బ్రౌన్ షుగర్ 300 గ్రాములు, గుడ్లు 4, వాసన లేని నూనె 220 మిల్లీలీటర్లు, గుజ్జు 380 గ్రాములు. వంటసోడా అంతకు మించితే సబ్బు రుచి వస్తుంది. నూనె బదులు వెన్న వాడొచ్చా అని అడిగావు. వద్దు. ఈ కేకు మీద క్రీమ్ చీజ్ ఉంటుంది కనుక ఫ్రిజ్‌లో పెట్టక తప్పదు. చలికి వెన్న గడ్డకట్టి కేకు బిరుసెక్కుతుంది, నూనె గడ్డకట్టదు.

"మసాలా పొడి ఒక చెంచా" అన్న మాట కూడా తీసెయ్. ఏ మసాలా? దాల్చిన చెక్క పొడి 2 టీస్పూన్లు, శొంఠి పొడి 1, జాజికాయ అర, లవంగం పొడి పావు టీస్పూను. లవంగం కాస్త ఎక్కువైనా మిగతావాటిని మింగేసి నాలుకను మొద్దుబారుస్తుంది. ఈ పొడులన్నీ గోరువెచ్చని నూనెలో కలిపి పది నిమిషాలు ఉంచమను. వాటి వాసన నూనెలోకి బాగా దిగుతుంది, నీళ్లలోకి అంతగా దిగదు.

నూనె, చక్కెర, గుడ్లు, గుజ్జు కలిశాక మైదా, బేకింగ్ పౌడర్, సోడా, ఉప్పు జల్లించి వెయ్యాలి. పొడి మైదా కనబడకుండా పోయిన క్షణాన చెయ్యి ఆపాలి. ఆపైన తిప్పిన కొద్దీ కేకు సాగుడుగా తయారవుతుంది. మొత్తం సుమారు 1,380 గ్రాములు వస్తుంది, గిన్నెకు 460 చొప్పున తూచి పొయ్యాలి. కంటితో పంచితే ఒక పొర ఎండిపోతుంది, ఇంకొకటి పచ్చిగా ఉంటుంది. ఓవెన్ 175 డిగ్రీలు, 25 నుంచి 28 నిమిషాలు. నడుమ గుచ్చిన పుల్లకు తడి పిండి అంటకూడదు, ఒకటి రెండు పొడి రవ్వలు అంటినా ఫరవాలేదు.

ఇన్ని అంకెలు వేస్తే పత్రికలు వేసుకోవేమో అని భయపడ్డావు. నిజమే, కొందరు సంపాదకులు మొదట కోసేది గుర్తులనే. "పొడి మైదా కనబడకుండా పోయిన క్షణాన" అని రాస్తే "బాగా కలపాలి" అని దిద్దుతారు, మిగిలిన జాగాలో ఫొటో పెద్దది చేస్తారు. "బాగా" అన్న ఆ ఒక్క మాటతో చదివినవాళ్ల గుడ్లు, చక్కెర, ఒక సాయంత్రం వృథా అవుతాయి. సామాన్ల పట్టికనూ ఆ గుర్తులనూ వాళ్లు ముట్టుకోకూడదని ముందే అడుగు. కాదంటే వ్యాసం వెనక్కి తెచ్చుకో.

క్రీమ్ గురించి నువ్వు రాసింది ఒక్కటే వాక్యం: "అన్నీ కలిపి గిలక్కొట్టాలి." అలా చేస్తే నీరుకారుతుంది. మెత్తబడిన వెన్న 170 గ్రాములు, ఐసింగ్ షుగర్ 350 గ్రాములు ముందు తెల్లబడేదాకా గిలక్కొట్టాలి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన క్రీమ్ చీజ్ 340 గ్రాములు చివర్లో ముక్కలుగా వేసి, నునుపు రాగానే ఆపెయ్యాలి. పలచబడిందని ఇంకా చక్కెర పొయ్యొద్దని కూడా చెప్పు. ఆ చక్కెర చీజ్‌లోని తడికి కరిగి ఇంకా జారుతుంది. అరగంట ఫ్రిజ్‌లో పెడితే చాలావరకు గట్టిపడుతుంది.

పొరలు గిన్నెలో పది నిమిషాలు ఆగి, తీగల జాలీ మీదికి తిరగబడి, పూర్తిగా చల్లారాలి. చెయ్యి పెడితే వెచ్చదనం తెలిసినంతసేపూ క్రీమ్ ముట్టుకోకూడదు. నీ రెండో పొర జారి పక్కకు ఒరిగిందన్నావు, కారణం రాయలేదు. వెచ్చగా ఉండగానే పేర్చావు, పైగా పైభాగం ఉబ్బుగా ఉండగానే పేర్చావు. ఉబ్బును రంపంలా పళ్లున్న కత్తితో చదును చెయ్యాలి. చివరి పొరను బోర్లా పెట్టాలి, అడుగు భాగం నున్నగా ఉంటుంది కాబట్టి. మొదట పలచటి పూత వేసి అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, రవ్వలు దానికే అతుక్కుపోయాక మందపాటి పూత వెయ్యాలి.

వడ్డించడానికి 40 నిమిషాల ముందు బయట పెట్టమని రాయడం మరిచిపోకు. చల్లచల్లగా తింటే జాజికాయ వాసన తెలియదు. ఈసారి గుజ్జు తూచి చేసి, నడుమ కోసిన ముక్క ఎలా ఉందో రాసి పంపు.

ఆశీస్సులతో.