భద్రతా మండలిలో మన కుర్చీ: గోమాలో సున్నం కొట్టినవాడి జవాబు

ప్రశ్న: "ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో భారత్‌కు శాశ్వత సభ్యత్వం ఎందుకు రావడం లేదు? అసలు మండలిని ఎప్పటికైనా మారుస్తారా?"

ఇక్కడ జవాబులు రాసినవాళ్లలో సగం మంది నెహ్రూ దగ్గర మొదలుపెట్టారు. నేను ఆఫ్రికాలో, కాంగో దేశపు గోమా పట్నం దగ్గర మొదలుపెడతాను. ఆ మండలివాళ్లు వస్తున్నారని రాళ్లకు సున్నం కొట్టినవాణ్ని నేను.

తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం పేరు వినే ఉంటారు. మాది ఆ పక్క ఊరే. ఫౌజులో 18 ఏళ్లు చేశాను. అందులో ఒక ఏడాది, 2013లో, ఐక్యరాజ్యసమితి శాంతిసేన నీలం టోపీ పెట్టుకుని కాంగోలో ఉన్నాను. ఇంటికొచ్చాక ఊళ్లో అందరూ అడిగింది ఒకటే, ఫారిన్ నుంచి ఏం తెచ్చావని. ఏం తెస్తాం, మలేరియా మాత్రలు తప్ప!

మన బ్రిగేడు ఉత్తర కివు రాష్ట్రంలో, గోమా కేంద్రంగా ఉండేది. ఊరికి ఊరే లావా మీద కట్టుకున్నట్టుంటుంది. 2002లో నిరగోంగో అగ్నిపర్వతం పొంగి ఊరి మధ్యలోంచే పారింది. రాత్రి సెంట్రీ డ్యూటీలో నిలబడితే కొండ మీద ఆకాశం కుంపటి రాజేసినట్టు ఎర్రగా కనిపించేది.

ఆ అక్టోబరు మొదటి వారంలో న్యూయార్క్ నుంచి భద్రతా మండలి రాయబారులు గోమాకి వస్తున్నారని కబురు. ఫౌజులో ఒక మాట ఉంది: కదిలేదానికి సెల్యూట్ కొట్టు, కదలనిదానికి సున్నం కొట్టు. మర్నాడు తెల్లారకుండానే ఫటీగ్ డ్యూటీ. గేటు నుంచి లోపలిదాకా దారికి రెండు పక్కలా పేర్చిన రాళ్లన్నిటికీ సున్నం వెయ్యాలి. అవి మన ఊరి కంకరరాళ్లు కావు. లావా రాళ్లు, నల్లగా, ఒళ్లంతా చిల్లులే. ఒక పూత వేస్తే తాగేసేవి. రెండోదీ తాగేసేవి. మూడో పూతకి గానీ తెలుపు తేలలేదు. అప్పటికి నా వేళ్ల సందులు ఒరిసిపోయాయి.

పక్కన శ్రీకాకుళం కుర్రాడు కూర్చుని కొడుతున్నాడు. "అన్నా, ఈ వచ్చినోల్లలో మనోడెవుడు?" అన్నాడు.

"మనోడు లేడురా. పోయినేడు డిసెంబరు దాకా ఉన్నాం. రెండేళ్లూ అయిపోయాయి, దిగిపోయాం."

"మరెవులున్నారు?"

నాకు అంత తెలీదు. మా దుబాసీ కుర్రాడికి తెలుసు. మనవాళ్లతో ఏళ్ల తరబడి తిరిగి నాకంటే మంచి హిందీ మాట్లాడేవాడు. వేళ్ల మీద లెక్కపెట్టాడు. శాశ్వత కుర్చీలున్న పెద్దలు ఐదుగురు (అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్) ఎలాగూ ఉన్నారు. ఆ తర్వాత రెండేళ్లకి ఎన్నికైనవాళ్లు: అర్జెంటీనా, ఆస్ట్రేలియా, అజర్‌బైజాన్, గ్వాటెమాలా, లక్సెంబర్గ్, మొరాకో, పాకిస్తాన్, దక్షిణ కొరియా, టోగో. పదో వేలు దగ్గర ఆగి, పేరు చెప్పకుండా చెయ్యెత్తి తూర్పుకి చూపించాడు. "ఔర్ వో."

రువాండా. గోమా నుంచి నడిచిపోయేంత దూరంలో ఉంది సరిహద్దు.

సంగతి తెలియనివాళ్లకి చెబుతాను. 2012 నవంబరులో ఎం23 తిరుగుబాటుదార్లు గోమా పట్నాన్నే పది రోజుల పైన ఆక్రమించుకున్నారు. వాళ్ల వెనక రువాండా ఉందని ఐక్యరాజ్యసమితి వేసిన నిపుణుల బృందమే రాసింది. రువాండా కాదంది, అది వేరే సంగతి. సరిగ్గా ఆ గొడవల మధ్యలో, 2012 అక్టోబరులో, అదే రువాండాని రెండేళ్లకి మండలికి ఎన్నుకున్నారు.

శ్రీకాకుళంవాడు కుంచెని బకెట్లో పడేసి, "అయితే మనం ఎవులకోసం కొడతన్నాం అన్నా ఈ సున్నం?" అన్నాడు. సుబేదార్ సాబ్ అటే వస్తుంటే మళ్లీ తీశాడు.

మర్నాడు తెల్ల బళ్ల వరుస మా గేటు ముందునుంచి వెళ్లింది. అంతే.

ఇప్పుడు మీ ప్రశ్నకొస్తాను. అందరూ చెప్పేది ఆ ఐదుగురూ అడ్డం పడుతున్నారని. నేను నమ్మను. మండలిని ఇప్పటికి ఒక్కసారే పెంచారు. 1963 డిసెంబరులో సమితి సర్వసభ్య సభ ఓటేసి 11 మందిని 15 చేసింది. ఆ రోజు ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ వ్యతిరేకంగా ఓటేశాయి. అమెరికా, బ్రిటన్ తటస్థం. చైనా కుర్చీలో అప్పుడున్న తైవాన్ ఒక్కటే సరే అంది. తీరా 1965 ఆగస్టు నాటికి ఆ ఐదుగురూ నోరు మూసుకుని సంతకాలు పెట్టారు. ఊరంతా ఒక మాట మీద నిలబడితే మోతుబరి కూడా తలవంచుతాడు. ఇప్పుడు లేనిది ఆ ఒక్క మాటే.

మండలిని పెంచాలంటే సమితి నియమావళి, అదే చార్టర్, మార్చాలి; దానికి 193 దేశాల్లో మూడింట రెండొంతులు, అంటే 129 ఓట్లు కావాలి. మనకి అన్ని ఓట్లు ఎక్కడున్నాయి? జపాన్, జర్మనీ, బ్రెజిల్‌తో కలిసి 2005లో మనం ముసాయిదా పెట్టాం. ఓటింగ్ దాకానే పోలేదు. ఆఫ్రికావాళ్లు తమకి రెండు శాశ్వత కుర్చీలు, అవీ వీటోతో (ఒక్కరే అడ్డుకునే హక్కుతో) కావాలన్నారు. ఇటలీ, పాకిస్తాన్, దక్షిణ కొరియా లాంటివాళ్లు కొత్త శాశ్వత కుర్చీలే వద్దన్నారు. కాఫీ క్లబ్ అంటారు వాళ్లని. తమాషా ఏమిటంటే, మేం గోమాలో ఉన్నప్పుడు పాకిస్తాన్ పటాలం అదే కివు సరస్సుకి అవతలి కొసన బుకావులో ఉండేది. విమానాశ్రయంలో కలిస్తే క్రికెట్ స్కోరు అడిగేవాళ్లు. వాళ్లకీ నీలం టోపీలే, వాళ్లకీ దోమలే.

ఇక నెహ్రూ కాదన్నాడనే వాట్సాప్ ఫార్వర్డ్. 1955లో సోవియట్ ప్రధాని బుల్గానిన్, భారత్‌ని ఆరో సభ్యుడిగా ప్రతిపాదిద్దామా అని కదిపాడు. దానికి చార్టర్ మార్చాలి కదా, ముందు చైనా కుర్చీ సంగతి తేల్చండి అన్నాడు నెహ్రూ. కుర్చీ తెచ్చి మన వాకిట్లో వేస్తే తన్నేసినట్టు రాస్తారు జనం. దాని మీద రోజూ పోట్లాడుకోవడానికి ఓపికెక్కడిదో!

నన్నడిగితే "శాశ్వత" అన్న మాట దగ్గరే మనం పొరబడ్డాం. చార్టర్ 23వ అధికరణం తీసి చూడండి. ఎన్నికయ్యే సభ్యుల విషయంలో మొదట చూడాల్సింది అంతర్జాతీయ శాంతికి ఆ దేశం చేసిన పని అని రాసుంది. ఏ ప్రాంతానికి ఎన్ని అన్నది ఆ తర్వాతే. జరిగేది మాత్రం ప్రాంతాలవారీ పంపకం. మనం ఇప్పటిదాకా రెండున్నర లక్షల మందికి పైగా సైనికుల్ని పంపాం, 170 మందికి పైగా పోగొట్టుకున్నాం. అయినా ఎనిమిది సార్లు ఎక్కి ఎనిమిది సార్లు దిగాం. ఎందుకంటే అదే అధికరణంలో, దిగిపోయే దేశం వెంటనే మళ్లీ పోటీ చెయ్యకూడదని ఒక వాక్యం ఉంది. ఆ ఒక్కటి కొట్టించేస్తే చాలు. సైన్యం పంపేవాళ్లు గెలుస్తూనే ఉంటారు, వీటో గొడవ అక్కర్లేదు. దీనికి 129 ఓట్లు ఆర్నెల్లలో తెస్తాను, నన్ను పంపితే!

మండలిని ఎప్పుడు మారుస్తారంటే, ఆ మార్పు కోసం 1993లో ఒక బృందాన్ని వేశారు, 2009 నుంచి ప్రభుత్వాల మధ్య చర్చలు నడుస్తున్నాయి. ఇంకా నడుస్తాయి. మన టీవీవాళ్లకి మాత్రం ఏటా సెప్టెంబరులో, సమితి సభలప్పుడు, కుర్చీ వచ్చేస్తుంది, ఎవరో ఒక అధ్యక్షుడు మద్దతు అన్నాడని.

శ్రీకాకుళంవాడు కూడా రిటైరయ్యాడు, పలాసలో జీడిపప్పు వ్యాపారం. నిరుడు సెప్టెంబరులో ఫోన్ చేశాడు. "అన్నా, టీవీలో స్క్రోలింగ్ వస్తంది, ఈపాలి మనకిచ్చేసినట్టేనంట."

సున్నం నానబెట్టమన్నాను.